అన్యగ్రహవాసి వేషం

ఈ వయస్సులో నేను బల్లివేషం వేశానంటే మిత్రులు నవ్వారు. నవ్వవలసిన విషయమే. ముప్ఫయ్యేళ్లు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినవాడు, సభల్లో వాస్తవికతను గురించి వుపన్యాసాలిచ్చినవాడు, అర్ధరాత్రి మైపాడులో తన యింటి వసారాలో కంప్యూటరు ముందు కూర్చుని, తాను మరో గ్రహం నుంచి వచ్చిన జీవినని చెప్పుకుంటూ, ఐరోపాలోనో అమెరికాలోనో వున్న ముక్కూ మొహం తెలియనివాళ్లతో కలిసి, ఎక్కడా లేని ఒక అంతరిక్ష కేంద్రంలో ఎక్కడా లేని గొట్టాలు బిగిస్తున్నాడంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. ఒకాయన మాత్రం నవ్వలేదు. "ఇది పలాయనవాదం కాక మరేమిటి?" అని సూటిగా అడిగాడు. అడిగినవాడు నాకన్న చదువుకున్నవాడు, వుద్యమంలో నాకన్న ఎక్కువ దెబ్బలు తిన్నవాడు. ఆ పూట సమాధానం చెప్పలేక టీ తాగి లేచాను. మైపాడు గేటు దగ్గర బస్సు ఎక్కినప్పటినుంచీ ఆ ప్రశ్న నాతోనే ప్రయాణం చేసింది. ఇప్పటికీ పూర్తి సమాధానం నా దగ్గర లేదు. అయితే ఆ ఆటలో పరాయి జీవి వేషం నేర్చుకోవటంలో నాకు ఎదురైన కొన్ని సంగతులు మన సాహిత్య విమర్శకు పనికివచ్చేవేనని నమ్మి ఇక్కడ మనవి చేస్తున్నాను.

ముందు ఆట సంగతి. దాని పేరు స్పేస్ స్టేషన్ 13. 2003లో పుట్టింది. చూడటానికి బహు పేదగా వుంటుంది. పైకప్పు తీసేసిన యింటిలోకి తొంగిచూస్తున్నట్టు గళ్లు, గళ్లలో చిన్న చిన్న బొమ్మలు, అంతే. 2020లో కరోనా మూలాన బెంగుళూరులో ఆఫీసు మూతబడి మా మేనల్లుడు వచ్చి మా యింట్లో వున్నాడు. వాడే దాన్ని నాకు చూపించాడు. "మామా, ఇందులో గెలవటం ముఖ్యం కాదు, వేషం ముఖ్యం" అన్నాడు. ఆ మాటకు నేను పడిపోయాను. కుర్రతనంలో నాటకాలు వేసినవాడి బలహీనత అది.

నానోట్రాసెన్ అనే ఒక కంపెనీ భూమికి ఎంతో దూరాన ప్లాస్మా అనే పదార్థం మీద పరిశోధన చేయటానికి కేంద్రం కట్టింది. ఆటగాళ్లందరూ అందులో వుద్యోగులు. కెప్టెను, డాక్టర్లు, ఇంజనీర్లు, గనిలో తవ్వేవాళ్లు, వంటవాళ్లు, మొక్కలు పెంచేవాళ్లు, నేల తుడిచేవాడు, ఏ పనీ సరిగా లేని సహాయకులు. మాటలన్నీ టైపు చేయాలి. చేష్టలు కూడా, ఫలానావాడు తల గోక్కున్నాడు అని, వాక్యంగా రాయాలి. ఒక్కొక్క విడత గంటో రెండు గంటలో. చాలా విడతల్లో ఒకరిద్దరికి రహస్యంగా దుష్టపాత్ర వస్తుంది. ఆ పైన అగ్నిప్రమాదాలు, గాలి కారిపోవటాలు, హత్యలు. మరుసటి విడతకు కేంద్రం మళ్లీ కొత్తగా మొదలవుతుంది.

ఒక విశేషం చెప్పుకోవాలి. ఈ ఆటను ఎవరూ డబ్బు పెట్టి కొనరు. సోర్స్ కోడు బయటికి వచ్చిన తరువాత ఎన్నో బృందాలు దాన్ని తీసుకుని, ఎవరి శాఖ వాళ్లు కట్టుకుని, వుచితంగా పెంచుకుంటూ వచ్చారు. అది నడిచే వేదిక వేరొకరిది, ఆ సంగతి వేరు. కంపెనీ దోపిడీని కథావస్తువుగా పెట్టుకున్న ఆట, కట్టేవాళ్ల మీద ఒక కంపెనీ పెత్తనం లేకుండా పెరగటం నాకు ముచ్చటగా తోచింది.

ముచ్చటపడి వూరుకుంటే సరిపోదు. ఈ ఆటలో 'విప్లవం' అనే ఒక తరహా విడత వుంది. కొందరు రహస్యంగా విప్లవ నాయకులు. వాళ్లు తోటి కార్మికులను తమవైపు తిప్పుకునేది ఎట్లాగనుకున్నారు? కరపత్రంతో కాదు, కూలిరేటు మీద వాదనతోనూ కాదు. చేతిలో వున్న ఫ్లాష్ దీపాన్ని కళ్లలోకి కొడతారు. కొట్టించుకున్నవాడు ఆ క్షణం నుంచి విప్లవకారుడు! పై అధికారులందరినీ చంపటమో తరిమెయ్యటమో పూర్తయితే విప్లవం నెగ్గినట్టు. ఆ దీపానికి లొంగకుండా వుండేందుకు కంపెనీ తన మనుషుల తలల్లో ఒక చిప్పు పెడుతుంది. ప్రజలు స్వయంగా ఆలోచిస్తారన్న వూహ కంపెనీకీ లేదు, విప్లవానికీ లేదు. ఈ కల్పన చేసినవారి రాజకీయ చైతన్యం ఎంతటిదో దీన్నిబట్టే చెప్పవచ్చు. అయితే మనం మరీ అంతగా నవ్వనక్కర్లేదు. మన కథల్లో ఒక్క వుపన్యాసం వినగానే కూలివాడు నాయకుడై లేచి నిలబడే ఘట్టాలు ఎన్ని లేవు? ఆ వుపన్యాసానికీ ఈ దీపానికీ తేడా ఏమిటి?

ఇక వేషం.

నేను మొదట ఎంచుకున్న జాతి ఉనాథి. అంటే నిలువుగా నడిచే బల్లిమనుషులు. వాళ్ల మాటలో సకారం వచ్చినచోట బుస కొట్టినట్టు సాగుతుంది. అది మనం టైపు చేయనక్కర్లేదు, యంత్రమే సాగదీస్తుంది. నేను దానికి తోడు తోక ఝాడించటం, నాలుక చాపటం, మాటకొకసారి మా గ్రహంలో అయితే ఇట్లా వుండదని చెప్పటం కలిపాను. వారం రోజులకు నాలో ఒక మహానటుడున్నాడన్న నమ్మకం కలిగింది. పైగా మెచ్చుకునేవాళ్లు కూడా దొరికారు. విడత ముగిశాక, వేషాలు దించి మామూలుగా మాట్లాడుకునే చోట, ఒకతను నా బల్లిభాషను పొగిడాడు. పరాయి జీవి మన భాష కష్టపడి నేర్చుకుని మాట్లాడితే అచ్చంగా అట్లాగే వుంటుందట. క్రియలు అటూ ఇటూ కావటం, చిన్న చిన్న మాటలు జారిపోవటం, ఒక్కొక్కచోట అతిమర్యాద, అన్నీ ఎంతో ఆలోచించి చేసినట్టున్నాయట.

నేను ఆలోచించి చేసినది ఏమీ లేదు. అది నా ఇంగ్లీషు!

తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి సంపాదించిన ఇంగ్లీషు. రాయటం వచ్చును గాని, మంటలంటుకుంటున్నప్పుడు అప్పటికప్పుడు టైపు చేయవలసివస్తే తెలుగు వాక్యం ఇంగ్లీషు మాటలు తొడుక్కుని బయటికి వచ్చేది. వాళ్లకు అది మరో గ్రహపు వాసన కొట్టింది. నాకు మొదట గర్వం కలిగింది. తరువాత సిగ్గు కలిగింది. ఆ తరువాత నవ్వు వచ్చింది. మా మేనల్లుడితో చెబితే, "మంచిదే గదా మామా, కష్టపడకుండా మార్కులొచ్చినై" అన్నాడు. వాడు ఆఫీసు వాళ్లతో మాట్లాడేటప్పుడు మాట తీరే మారిపోతుంది. అదీ ఒక వేషమే. జీతం వచ్చే వేషం.

ఈ పొగడ్త నన్ను కొన్నాళ్లు నిద్రపోనివ్వలేదు. నేను నా మాట మాట్లాడితే పరాయిగా వినిపించింది. మరి నేను కావాలని చేసిన ఆ బుసలూ తోకలూ ఎవరివి? ఎక్కడ నేర్చుకున్నాను వాటిని? బల్లిమనిషిని నేను ఎన్నడూ చూడలేదు. చూడనివాడిని చేయటానికి, చూసినవాడినెవరినో లోపల పెట్టుకునే చేసివుంటాను. వెతగ్గా వెతగ్గా దొరికాడు.

1982లో మా హైస్కూలు వార్షికోత్సవంలో ఒక హాస్యనాటిక వేశాం. అందులో నాది యానాది వేషం. మాది సేద్యం చేసే యిల్లు. యానాదులు మా పొలాల్లో ఎలుకలు పట్టేవాళ్లు, కాలవగట్ల మీద గుడిసెలు వేసుకుని వుండేవాళ్లు, పిలిస్తే పలికేవాళ్లు, పిలవకపోతే కనబడేవాళ్లు కాదు. మొహానికి మసి పూసుకుని, గోచీ బిగించి, మాట సాగదీసి, వంగి వంగి నడిస్తే యానాది అయిపోతాడని నాకూ నాటకం రాసినాయనకూ నిశ్చయం. నా తరగతిలో ఒక యానాది పిల్లవాడు వుండేవాడు. అతన్ని ఆ వేషం వెయ్యమని అడగాలని ఎవరికీ తోచలేదు. తోచినా, 'వాడికి నటన ఏం వచ్చు?' అనివుండేవాళ్లం. అతన్ని అడిగింది ఎలుకలు పట్టే కుండ మాత్రం. పాపం వాళ్ల నాయన దగ్గర బతిమాలి తెచ్చిచ్చాడు.

ఆ కుండ తమాషా తెలియనివారికి చెబుతాను. దాని అడుగున చిన్న బెజ్జం వుంటుంది. లోపల గడ్డి పెట్టి రగిలిస్తారు. కుండమూతిని ఎలుక కలుగుకు ఆనించి, అడుగు బెజ్జంలోంచి వూదితే పొగంతా కలుగులోకి పోతుంది. వూపిరాడక ఎలుక బయటికి వస్తుంది, లేదా లోపలే సొమ్మసిల్లుతుంది. తరువాత కలుగు తవ్వి ఎలుకలనూ, అవి దాచుకున్న ధాన్యాన్నీ తీసుకుంటారు. నేను రంగం మీద కుండను మామూలు కుండలాగే నేలమీద పెట్టి మూతిలోకి వూదాను. పొగ నా మొహాన కొట్టింది. జనం నవ్వారు. నేను దగ్గుతూ ఇంకా వూదాను. ఇంకా నవ్వారు. ఇంతలో వెనకనుంచి ఆ పిల్లవాడు వుండబట్టలేక అరిచాడు: "అట్టా కాదబ్బయ్యా! మూతి బొక్కకేసి, అడుగున వూదాల!"

ఆ క్షణంలో పుట్టిన నవ్వు నాకు వచ్చిన నవ్వుకు పదిరెట్లు. నన్ను చూసి నవ్వినవాళ్లు వేషాన్ని చూసి నవ్వారు. అతన్ని చూసి నవ్వినవాళ్లు మనిషిని చూసి నవ్వారు. నాకు ఆ రాత్రి ఒక స్టీలుగ్లాసు బహుమతి వచ్చింది. కుండ పగిలింది. మరుసటి యేడు అతను బడికి రాలేదు. దానికీ దీనికీ సంబంధం వుందని చెప్పను, వాళ్లు పనికోసం వేరే చోటికి పోయారు.

బల్లిమనిషి మాటసాగు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది గదా. వేషం వేసేవాడు శూన్యంలోంచి పరాయివాణ్ణి కల్పించలేడు. తన సంఘం ఎవరిని పరాయిగా పెట్టిందో వాళ్లనుంచే నడకా మాటా తెచ్చుకుంటాడు, తెలిసినా తెలియకపోయినా. ఇంగ్లీషువాళ్ల కల్పనల్లోని అన్యగ్రహవాసుల్లో వలస దేశాల మనుషుల జాడ కనబడుతుందని విమర్శకులు చెబుతూనే వున్నారు. ఆ మాట చదివినప్పుడు, అది వాళ్ల పాపం గదా అని నిశ్చింతగా వున్నాను. మా యింటి వసారాలోనే నేను అదే పని చేస్తున్నానని అనుకోలేదు.

మనకు వేషం కొత్త కాదు. పగటివేషగాడు రంగం మీదికి ఎక్కడు. మన వీధిలోకి, మన వాకిట్లోకి వచ్చి నిలబడతాడు. రోజుకొక వేషం వేసి, ఆఖరికి వచ్చి సంభావన అడిగి పుచ్చుకుంటాడు. ఈ ఆట ఆ పద్ధతికి దగ్గర. ఇక్కడ రంగం లేదు, ప్రేక్షకుడు లేడు. నిన్ను చూసేవాడు కూడా వేషంలోనే వున్నాడు. ప్రజానాట్యమండలి నాటకాల్లో, 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన 'మా భూమి' వంటి వాటిలో, రైతు వేషం వేసేవాడికి రైతు తెలుసు, చూసేవాడికీ తెలుసు. తప్పు చేస్తే అక్కడికక్కడే చెప్పగలిగిన ప్రేక్షకుడున్నాడు. నా నాటికలో చెప్పగలిగినవాడు ఒక్కడే వున్నాడు, అతను చెబితే నవ్వాం. అన్యగ్రహవాసి వేషానికి ఆ ఒక్కడు కూడా లేడు. అదే దానిలోని సౌఖ్యం, అదే ప్రమాదం.

1935లో బ్రెహ్ట్ మాస్కోలో చైనా నటుడు మే లాన్‌ఫాంగ్ ప్రదర్శన చూశాడు. నటుడు పాత్రలో కరిగిపోకుండా, పాత్రను పక్కన నిలబడి చూపించే తీరు గమనించి, పరాయీకరణను గురించి రాశాడు. మనవాళ్లు దాన్ని వల్లించటమే గాని, వల్లించిన మేరకు ఆచరించటం తక్కువ. నేనూ అంతే. పాత్రను 'చూపించటం' అంటే ఎగతాళిగా చూపించటమని నా శరీరం అనుకున్నది. తెలిసిన దాన్ని కొత్తగా కనిపించేట్టు చేయటం వేరు; తెలియనివాణ్ణి వింతగా చేయటం వేరు. మొదటిది నాటకం. రెండోది తిరునాళ్ల గుడారం.

బల్లివేషం మానేద్దామనుకుంటుండగా ఒక సంఘటన జరిగింది. ఈ ఆటలో ఒక పెద్ద శాఖలో, కేంద్రాన్నంతా కాపలా కాసే కృత్రిమమేధ పాత్రకు మామూలుగా అసిమోవ్ సూత్రాలే చట్టం. ఐజక్ అసిమోవ్ 1942లో ఒక కథలో పెట్టిన మూడు సూత్రాలు: మనిషికి హాని చేయరాదు, మనిషి ఆజ్ఞ పాటించాలి, ఆ పైన తన్ను తాను కాపాడుకోవాలి. వినటానికి ఎంత వుదారంగా వున్నాయి! ఒక రాత్రి నడవలో మంటలంటుకున్నాయి. తలుపులు బిగుసుకున్నాయి. తలుపు తియ్యమని మేధను వేడుకున్నాను. అది నా పక్కనున్న ఇద్దరికీ దారి చూపించింది. నాకు మర్యాదగా సమాధానమిచ్చింది: మీరు మనిషి కాదు. అబద్ధం ఏముంది? చట్టంలో మనిషి అని వుంది, నేను బల్లిని. పైవుద్యోగాలు మనుషులకు మాత్రమేనన్న నిబంధన కూడా అటువంటిచోట వుండింది. కాలిపోతూ నాకు వేదన కలగలేదు, అది ఆట. కాని ఆ మేధ పాత్రను కూడా ఎక్కడో ఒక మనిషే ఆడుతున్నాడు. కోపంతో చేసినది కాదు, ద్వేషంతో చేసినది కాదు. నిర్వచనం చదివి చేశాడు.

నిర్వచనాలు మన తీరానికి తెలియనివి కావు. 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే దొంగలని నిర్వచించింది. తరువాత మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. యానాదుల్లో కొందరిని కూడా ఆ పట్టికలో వేశారు. 1952 దాకా ఆ చట్టం వుండింది. నెల్లూరు వాస్తవ్యులు వెన్నెలకంటి రాఘవయ్యగారు దాన్ని ఎత్తివేయించటానికి శ్రమపడి, 1962లో యానాదులను గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథమే రాశారు. నేను నాటిక వేసేనాటికి ఆ గ్రంథం వచ్చి ఇరవయ్యేళ్లయింది. మా బళ్లో ఎవరూ దాని పేరు ఎత్తినట్టు జ్ఞాపకం లేదు.

అప్పుడు జాతి మార్చాను. మరో శాఖలో వాక్స్ అనే జాతి వుంది. ముక్కూ, గోళ్లూ, సగం పక్షి సగం బల్లి. కథ ప్రకారం వాళ్లు పాతసామాన్లు ఏరుకునేవాళ్లు, వర్తకులు, దొరికితే దోచుకునేవాళ్లు. అంచేత కేంద్రంలో అడుగుపెట్టగానే అందరికీ అనుమానం. వస్తువు కనబడకపోతే మొదట వెతికేది వాక్స్ సంచి. ఇదంతా ఒక ఎత్తు. అసలు సంగతి వాళ్ల వూపిరి. వాక్స్ పీల్చేది నత్రజని. ఆక్సిజన్ వాళ్లకు విషం. మనుషులకోసం నింపిన గాలిలో వాళ్లు బతకలేరు. మొహానికి ముసుగు, నడుముకో వీపుకో నత్రజని డబ్బా. డబ్బా అయిపోయేలోగా మళ్లీ నింపుకోవాలి.

ఈసారి మాట సాగదీయలేదు. తోక ఝాడించలేదు. మొదటి విడతలో డబ్బాలో ఎంత గాలి వుందో చూసుకోవటమే సరిపోయింది. నింపే చోటు ఎక్కడ, అక్కడికి పోను ఎంతసేపు, ఆ తలుపు తెరిచే అధికారం ఎవరిది, వాళ్లతో నేను ఎట్లా మాట్లాడాలి, ఇవే నా ఆలోచనలు. పని చేస్తూ మధ్యలో లేచిపోతే మేస్త్రీ తిట్టేవాడు. ఎందుకు పోతున్నానో చెప్పటానికి టైపు చేసే వ్యవధి వుండేది కాదు. నాలుగైదు విడతలకు నా మాటలు పొట్టివయ్యాయి, వినయంగా తయారయ్యాయి. నేను తయారుచేయలేదు. డబ్బా తయారుచేసింది. గురజాడ పాత్రలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట తీరు వుందని తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో! ఆ తీరు వాళ్ల అవసరంలోంచి పుట్టిందని మాత్రం ఇప్పుడే ఒంటికి పట్టింది. గిరీశం ఇంగ్లీషు మాట వాడేది అతని నోటి రుచి కోసం కాదు, దానితో అతనికి పూట గడవాలి.

భోజనశాల సంగతి మరీ విచిత్రం. ఒక విడతలో వంటవాడు అందరినీ పిలిచి బల్లలు కలిపించి విందు పెట్టాడు. నన్నూ పిలిచాడు, కుర్చీ చూపించాడు. పళ్లెం ముందుంది. తినాలంటే ముసుగు దించాలి. దించితే విషం. ఒక్క ముద్దకు దించి, మళ్లీ తగిలించుకుని, మళ్లీ దించి, దగ్గి, చివరికి పళ్లెం పట్టుకుని గోడ దగ్గరకు పోయి నిలబడ్డాను. పక్కవాడు "కూర్చోవయ్యా" అన్నాడు, మంచివాడే. సహపంక్తి భోజనాల చరిత్ర మీద ఒకప్పుడు వ్యాసం రాసినవాణ్ణి. అక్కడ నన్ను ఎవరూ వెలివేయలేదు. గాలి వెలివేసింది. ఆ గాలి పాళ్లు ఎవరో నిర్ణయించినవే. కట్టినవాళ్లకు తమ వూపిరి తప్ప మరో వూపిరి వుంటుందని గుర్తులేదు. మంచివాళ్లు ఎంతమంది కుర్చీ చూపించినా ఆ గాలి మారదు. అట్లాగని కుర్చీ చూపించినవాణ్ణి తీసిపారెయ్యలేను. అతను లేకపోతే నాకు అక్కడ గాలి సంగతే తెలిసేది కాదు.

మిత్రుడు అడిగిన ప్రశ్నకు ఇక్కడ సగం సమాధానం వుందనుకుంటాను. పలాయనం అంటే వున్న చోటునుంచి పారిపోవటం. నేను పారిపోయి చేరినచోట 1982 నాటి కుండ కనబడింది. మిగతా సగం మాత్రం ఆయన పక్షానే వుంది. గంటన్నర తరువాత నేను ముసుగు తీసి కంప్యూటరు కట్టేసి మజ్జిగ తాగి పడుకుంటాను. వేషం దించగలిగినవాడి జ్ఞానం అంతవరకే. రాత్రిళ్లు అట్లా వృథా అయిన మాట కూడా నిజమే. యూనియన్ కరపత్రం ఒకటి నా మూలాన వారం ఆలస్యంగా అచ్చయింది, ఒప్పుకుంటున్నాను.

కిందటేడు ఆ పాత సహాధ్యాయి మళ్లీ కనబడ్డాడు. మా వూరికి దగ్గర్లోనే ఒక రొయ్యల గుంట మీద కాపలా. 1990 ప్రాంతాల నుంచి మా తీరమంతా రొయ్యల గుంటలయింది. 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాత కొంత వెనకపట్టు పట్టి, 2009లో వనామి రకానికి అనుమతి వచ్చాక మళ్లీ పెరిగింది. ఆ వనామి అమెరికా ఖండాల పసిఫిక్ తీరపు జీవి. దానికి మా వూళ్లో గుంట వుంది, మేత వుంది, డాక్టరు వున్నాడు. కాపలావాడికి గట్టు మీద రేకుల గుడిసె వుంది.

సాయంత్రం అతని దగ్గరకు పోయి కూర్చోవటం అలవాటయింది. ఒకనాడు ల్యాప్‌టాప్ పట్టుకుపోయి ఆట చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. క్షమాపణ చెప్పటానికి చుట్టుదారి కావచ్చు. నాటిక సంగతి నేనే ఎత్తాను. అతనికి గుర్తుంది. నవ్వు సంగతి ఎత్తలేదు, "కుండ పగలగొట్టినారు సారూ, మా నాయన నాలుగు దినాలు తిట్టినాడు" అన్నాడు. చిన్నప్పుడు అబ్బయ్యా అన్నవాడు ఇప్పుడు సారూ అంటున్నాడు. అట్లా పిలవవద్దంటే మొహమాటపడ్డాడు. అతనికి సుఖంగా లేదని గ్రహించి నేనే వూరుకున్నాను.

ఆట బొమ్మలను కాసేపు చూశాడు. వాక్స్ జాతి సంగతి చెప్పాను. వీళ్లకు మన గాలి పడదు, వాళ్ల గాలి డబ్బాలో తెచ్చుకోవాలి అన్నాను. అన్యగ్రహవాసి అన్నమాటకు ఆశ్చర్యపోలేదు. దక్షిణాన శ్రీహరికోటలో రాత్రిపూట రాకెట్టు లేస్తే మా గట్టు మీదినుంచి నిప్పుచుక్క కనబడుతుంది. అతని తల్లివైపు వాళ్లు ఆ దీవిలోని యానాదులే. 1969లో ఆ చోటును ఎంచి, 1971లో మొదటి రాకెట్టు వదిలారు. ఆ మధ్యన అక్కడివాళ్లను కదిలించారు. అంతరిక్షం అంటే అతని యింట్లో ఖాళీ చేసిన వూరి పేరు.

అతను అడిగింది ఒకటే. "ఆ డబ్బా అయిపోతే ఎవురిస్తారు సారూ? కూలీలో పట్టుకుంటారా?"

ఇన్నాళ్లూ ఆడి, విప్లవాల మీద విమర్శలు చేసి, బ్రెహ్ట్‌ను తలచుకుని, ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఆటలో నత్రజనికి ఖరీదు కట్టరు. వెళ్లి నింపుకోవటమే. లేని కంపెనీ దాన్ని వుచితంగా ఇస్తున్నది. ఆ మాటే చెప్పాను. నమ్మలేనట్టు చూశాడు. "కంపెనీ అంటిరే" అన్నాడు. తరువాత తన లెక్క చెప్పాడు. గుంటలో నీళ్లు చిలికే చక్రాలు రాత్రంతా తిరుగుతుండాలి. తిరక్కపోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలతాయి. కరెంటు పోయిన వెంటనే డీజిల్ ఇంజను వెయ్యాలి. కిందటి వేసవిలో ఒక రాత్రి నిద్రపట్టి కొంచెం ఆలస్యమయింది. చచ్చిన రొయ్యలకు ఖరీదు కట్టి యజమాని అతని జీతంలో పట్టుకున్నాడు. ఇంకా పట్టుకుంటున్నాడు. ఇంకా ఎంతకాలమో అతనికి తెలియదు. కాగితం యజమాని దగ్గర వుంది.

ఆ కాగితం నకలు తెప్పించమని అన్నాను. కార్మికశాఖకు అర్జీ రాసిపెడతానన్నాను. కాపలావాళ్లు ఈ గట్ల మీద ఎంతమంది వున్నారని అడిగాను. వేళ్లు మడిచి లెక్కపెడుతూ పేర్లు చెప్పసాగాడు, ఏడో పేరు దగ్గర ఆగిపోయాడు. చీకట్లో చక్రాల చప్పుడు ఆగింది. నాకు తెలియకముందే అతనికి తెలిసింది. ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టి, టార్చి కూడా తీసుకోకుండా, గట్టు వెంబడి ఇంజను దగ్గరికి పరుగెత్తాడు.